పడక పక్కన పుట్టిన ప్రశ్న

‘డాక్టర్ అనిపించుకోవాలంటే ఎంబీబీఎస్ చదవాలి గానీ, నర్సుకు డాక్టరేట్ ఎందుకమ్మా?’

నర్సింగ్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి పీహెచ్‌డీకి దరఖాస్తు చేద్దామనుకునే సోదరీమణుల్లో ఈ మాట వినని వారు అరుదు. ఇంట్లో అంటారు, వార్డులో తోటివారు అంటారు. ఒక్కోసారి ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో పెద్దలు కూడా అంటారు. అన్నవారికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. నర్సమ్మ అంటే సూది వేసేది, కట్టు కట్టేది, రాత్రంతా మేలుకుని ఉండేది. ఆ చేతులకు పరిశోధనతో పనేమిటన్నది వారి సందేహం.

సందేహం సహజమే. దానికి జవాబు మాత్రం పట్టా కాగితం మీద దొరకదు, రోగి పడక పక్కన దొరుకుతుంది. పదేళ్లు వార్డులో పనిచేసిన నర్సు మనసులో కొన్ని ప్రశ్నలు పేరుకుని ఉంటాయి. పగలు ఓర్చుకున్న నొప్పిని రోగి రాత్రి ఎందుకు ఓర్చుకోలేకపోతాడు? మందుల చీటీ చదివి, అర్థమయ్యేలా చెప్పి పంపినా కొందరు ఇంటికెళ్లిన వారానికే ఎందుకు మానేస్తారు? తొలి కాన్పు తల్లికి బిడ్డకు పాలు పట్టడం ఎవరు, ఎప్పుడు నేర్పితే బాగా అబ్బుతుంది? ఈ ప్రశ్నలకు ఊహతో కాకుండా రుజువుతో జవాబు వెతికే చదువే నర్సింగ్‌లో పీహెచ్‌డీ. అది నర్సును రోగికి దూరం చేసే చదువు కాదు. రోగి బాధను ఇంకా శ్రద్ధగా పట్టించుకునే పద్ధతి.

ఒక చేత దీపం, ఒక చేత లెక్క

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు చెప్పగానే మనకు దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ గుర్తుకొస్తుంది. పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె రాసుకుంది. ఇంట్లో వారు ఒప్పుకోలేదు. ధనిక కుటుంబాల ఆడపిల్లలు ఆసుపత్రి గడప తొక్కని రోజులవి. ఎన్నో ఏళ్లు ఓపికపట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో పాస్టర్ ఫ్లీడ్నర్ నడిపిన డీకనెస్సుల సంస్థలో మూడు నెలలు శిక్షణ పొందింది. 1854లో 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధ క్షతగాత్రుల ఆసుపత్రికి వెళ్లింది.

ఇంతవరకూ మన ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాతి కథే ఎక్కువమందికి తెలియదు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఆమె సైనికుల మరణాల లెక్కలు ముందేసుకుని కూర్చుంది. గాయాలతో చనిపోయినవారి కంటే, నివారించగలిగిన రోగాలతో చనిపోయినవారే చాలా ఎక్కువని ఆ లెక్కల్లో తేలింది. ఆ సంగతి మంత్రులకూ సేనాధిపతులకూ ఒక్క చూపులో అర్థమయ్యేలా రంగుల పటం గీయించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకుంది. భారతదేశానికి ఒక్కసారి కూడా రాకుండానే, ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి నివేదికలు తెప్పించుకుని, మురుగు నీరు, తాగునీరు, ఇరుకు బారకాసులు సైనికుల ప్రాణాలు ఎలా తీస్తున్నాయో వివరించింది. ఆ నివేదికలపై రాయల్ కమిషన్ పత్రం 1863లో వెలువడింది.

ఆమె దయలో కన్నీరు ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. రోగి చెయ్యి పట్టుకున్న చేతితోనే కలం పట్టుకుంది. నేటి నర్సింగ్ పరిశోధన మొదలైంది అక్కడే.

మన గడ్డ మీద

తెలుగు నేలకు నర్సింగ్ చదువు చాలావరకు మిషన్ ఆసుపత్రుల దారిన వచ్చింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1930లో అదే ఊళ్లో కన్నుమూశారు. ఆ ఆసుపత్రిని నేటికీ జనం కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లో నర్సింగ్ స్కూలు మొదలుపెట్టారు. వితంతువులకూ, చదువుకు నోచుకోని పేదింటి ఆడపిల్లలకూ, తమ కాళ్ల మీద తాము నిలబడే గౌరవమైన బతుకు ఇలాంటి ఆసుపత్రుల నుంచే దొరికింది. నేటికీ మన సంఘాల్లో ఇంటికొక నర్సు ఉండే వీధులు ఉన్నాయంటే దానికి మూలం అక్కడుంది.

అయితే ఆ చదువు చాలా కాలం సర్టిఫికెట్ దగ్గరే ఆగింది. 1946లో వేలూరులోనూ ఢిల్లీలోనూ నర్సింగ్ డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద నడిచే ఆ ప్రభుత్వ కళాశాలే నేటి రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగ్ కళాశాల. అక్కడ 1959లో మాస్టర్స్, 1986లో ఎంఫిల్, 1992లో పీహెచ్‌డీ వచ్చాయి. డిగ్రీ నుంచి డాక్టరేట్ వరకు చేరడానికి ఆ ఒక్క కళాశాలకే 46 ఏళ్లు పట్టింది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ నర్సులకు డాక్టరేట్ తలుపు తెరిచింది 1924లో. అంటే మనం ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చాం.

ఆలస్యాన్ని కొంతైనా పూడ్చడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2005–06లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి నర్సింగ్ పీహెచ్‌డీ జాతీయ కన్సార్షియం ఏర్పాటు చేసింది. ఆ విశ్వవిద్యాలయం కర్ణాటక ప్రభుత్వానిది. వేరువేరు రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న నర్సింగ్ అధ్యాపకులకు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ద్వారా పరిశోధన అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం.

వినేవారు లేనప్పుడు

నర్సు పరిశోధన చేయలేని రోజుల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే సిసిలీ సాండర్స్ కథ చూడాలి. ఆమె రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుగా శిక్షణ పొందింది. నడుము నొప్పి వల్ల నర్సు ఉద్యోగం వదిలి, ఆసుపత్రిలోనే సాంఘిక సేవికగా చేరింది. ఆ రోజుల్లోనే క్రీస్తు విశ్వాసంలోకి నడిచింది. 1948లో క్యాన్సర్‌తో చనిపోతున్న ఒక పోలండ్ శరణార్థిని చూసుకుంటూ, మరణానికి దగ్గరైనవారి నొప్పి గురించి ఎవరూ పట్టించుకోవడం లేదని గ్రహించింది. సాయంత్రాలు సెయింట్ లూక్స్ అనే ఆసుపత్రిలో స్వచ్ఛందంగా నర్సు పనికి వెళ్లేది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేళ ప్రకారం మందు ఇస్తే రోగి ప్రశాంతంగా ఉంటాడని అక్కడ కళ్లారా చూసింది.

ఆ సంగతి లోకానికి ఎలా చెప్పాలి? ఆమెతో కలిసి పనిచేసిన ఒక సర్జన్ ఇచ్చిన సలహా ఒక్కటే. నర్సు చెబితే వైద్యులు వినరు, వెళ్లి వైద్యం చదువుకో అన్నాడు. 33 ఏళ్ల వయసులో ఆమె వైద్య విద్యార్థిని అయింది. 1957లో డాక్టర్ అయింది. నర్సుగా తాను చూసినదాన్నే ఆ తర్వాత డాక్టరుగా రుజువు చేసింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఈనాడు ప్రపంచమంతా పాలియేటివ్ కేర్ అని పిలుస్తున్న సేవకు అది పునాది అయింది.

ఆమె పట్టుదల గొప్పది. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. నర్సుగా ఆమె చూసిన సత్యం వినబడడానికి ఆమె నర్సు కాకుండా పోవాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లలేక, చూసినదాన్ని మనసులోనే పెట్టుకుని రిటైరైపోయిన నర్సులు ఎందరు ఉండి ఉంటారు? వారితోపాటు ఎంత జ్ఞానం మట్టిలో కలిసిపోయి ఉంటుంది? నర్సు నర్సుగానే ఉండి, తాను చూసినదాన్ని రుజువు చేసి చెప్పగలగడమే డాక్టరేట్ ఇచ్చే అవకాశం.

లెక్క చెప్పిన నిజం

అలా చెప్పినవారు ఉన్నారు. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. అది సోషియాలజీలో. ఆమె బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ చేయించుకున్న రెండు లక్షల ముప్పై రెండు వేల మందికి పైగా రోగుల వివరాలు అందులో ఉన్నాయి. ఒక నర్సు చూడాల్సిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, 30 రోజుల్లోపు రోగి మరణించే ప్రమాదం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. మరుసటి ఏడాది అవే ఆసుపత్రులపై ఇంకో ఫలితం వచ్చింది. డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం ఎక్కువున్న చోట మరణ ప్రమాదం 5 శాతం తక్కువగా ఉంది.

నైట్ డ్యూటీలో ఒక్క నర్సు ముప్పై నలభై మందిని చూసుకోవడం ఎంత కష్టమో మన నర్సమ్మలకు ఎవరూ చెప్పనక్కరలేదు. వారు ఆ మాట ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ‘పని ఎగ్గొట్టడానికి చెప్పే సాకు’ అని కొట్టిపారేసినవారూ ఉన్నారు. లెక్కతో చెప్పినప్పుడు మాత్రం ఆ మాటను కొట్టిపారేయడం ఎవరికైనా కష్టం.

ఇంకో ఉదాహరణ మన ఇళ్లకు దగ్గరగా ఉంటుంది. పక్షవాతం వచ్చి మంచం పట్టిన పెద్దవారికి నడుము కింద, మడమల దగ్గర పడక పుండ్లు పడతాయి. ఒకసారి పడితే మానడం కష్టం. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సు పరిశోధకులు పుండు పడకముందే ప్రమాదాన్ని పసిగట్టే ఒక కొలమానం తయారుచేసి 1987లో ప్రచురించారు. రోగికి స్పర్శ తెలుస్తోందా, చర్మం తడిగా ఉంటోందా, లేచి తిరుగుతున్నాడా, మంచంలో తనంతట తాను కదలగలడా, సరిగా తింటున్నాడా, పక్కబట్టలతో ఒరిపిడి ఉందా అనే ఆరు సంగతులకు నర్సు మార్కులు వేస్తుంది. మొత్తం 23. సాధారణంగా 18 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ రోగి విషయంలో జాగ్రత్తపడాలి. దీనికి యంత్రం అక్కరలేదు, ఖరీదైన పరీక్ష అక్కరలేదు. శ్రద్ధగా చూసే కన్ను, కాగితం చాలు. దీన్ని నేడు ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

దారి ఎలా ఉంటుంది?

పీహెచ్‌డీ వరకు మెట్లు చాలానే ఉన్నాయి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేసేవారు కొందరు. జీఎన్‌ఎం చేసి, ఆపైన రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేసేవారు మరికొందరు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యాకే రిజిస్టర్డ్ నర్సు అవుతారు. ఆపైన రెండేళ్ల ఎమ్మెస్సీ. జీఎన్‌ఎం దారిలో వచ్చిన సోదరి ఎమ్మెస్సీ చేతికి తీసుకునేసరికి పెళ్లై, పిల్లలు బడికి వెళ్తుంటారు. అసలు ప్రశ్న అప్పుడే వస్తుంది. ఇంకో నాలుగైదేళ్లా?

దేశంలో పీహెచ్‌డీకి 2022లో యూజీసీ ఇచ్చిన నిబంధనలు ఈ విషయంలో కొంత ఊరట కలిగిస్తాయి. ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడినవారు, వికలాంగులకు 5 శాతం సడలింపు ఉంది. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే రెండేళ్లు పొడిగిస్తారు. మహిళలకు ఆపైన మరో రెండేళ్ల సడలింపు ఉంది. ప్రసూతికీ, పిల్లల సంరక్షణకూ 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్‌గా కూడా చేయవచ్చు. అయితే పనిచేసే సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి. చదువుకు తగిన సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సువర్క్‌కు సెలవు ఇస్తామనీ ఆ పత్రంలో ఉండాలి. ఈ చివరి షరతు కాగితంపై చిన్నదే. స్టాఫ్ తక్కువున్న ఆసుపత్రిలో మాత్రం అదే పెద్ద కొండ.

ఇవి మొత్తం మీద ఉన్న నియమాలు. ప్రతి విశ్వవిద్యాలయమూ తన నోటిఫికేషన్‌లో సొంత షరతులు పెడుతుంది. ఎమ్మెస్సీ తర్వాత బోధనానుభవం ఎన్నేళ్లు కావాలి, ప్రవేశ పరీక్ష ఎలా ఉంటుంది, గైడ్ల దగ్గర ఖాళీలు ఎన్ని అన్నవి అక్కడే చూసుకోవాలి. ఒక ప్రొఫెసర్ ఒక సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శనం చేయకూడదు. నర్సింగ్‌లో డాక్టరేట్ ఉన్నవారే తక్కువ కాబట్టి గైడ్లు కూడా తక్కువ. అర్హత ఉండి, పరీక్ష పాసై, గైడ్ దొరక్క ఆగిపోయేవారు ఉంటారు. ఈ రోజు ఒక సోదరి డాక్టరేట్ పూర్తిచేస్తే, రేపు మరికొందరికి ఆమె గైడ్ కాగలదు. ఆమె చదువు ఆమె ఒక్కదానికే కాదనడానికి ఇదొక కారణం.

ప్రభుత్వ విశ్వవిద్యాలయమే ఎందుకంటే, స్టాఫ్ నర్సు జీతంతో ఇల్లు నడుపుకునే మనిషికి అక్కడి ఫీజు సాధారణంగా అందుబాటులో ఉంటుంది. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ప్రజల డబ్బుతో నడిచే చోట జరిగే పరిశోధన, ప్రజలు వచ్చే ప్రభుత్వాసుపత్రి వార్డు వైపు చూడడం న్యాయం.

నొప్పిని తెలుగులో అడగడం

చేరాక ఏం చేస్తారు? మొదట కోర్సువర్క్. పరిశోధన పద్ధతులు, గణాంకాలు, పరిశోధనలో నీతి నేర్చుకోవాలి. తర్వాత అంశం ఎంచుకుని సినాప్సిస్ రాయాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క రోగిని కూడా ప్రశ్న అడగకూడదు. కొత్త చికిత్సా పద్ధతిని పరీక్షించే అధ్యయనమైతే, 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ముందుగానే నమోదు చేయాలి. ఫలితం మనకు నచ్చలేదని దాచిపెట్టే అవకాశం లేకుండా ఇది ఒక కట్టుబాటు.

ఆ తర్వాతి పని మన తెలుగు నర్సులు తప్ప వేరెవరూ చేయలేనిది. పరిశోధనలో వాడే ప్రశ్నావళులు ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి. వాటిని ఒకరు తెలుగు చేయాలి. మొదటి ప్రతి చూడని ఇంకొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లిషులోకి మార్చాలి. రెండు ఇంగ్లిషు ప్రతులూ సరిపోలితేనే ఆ తెలుగు నమ్మదగినది. వినడానికి సులువుగానే ఉంటుంది. పడక దగ్గరకు వెళ్లి అడిగి చూడండి.

నొప్పి గురించి శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలు ఉన్నాయి. మన పెద్దమ్మను అడిగితే ఏమంటుంది? పన్ను సలుపుతోందంటుంది. కడుపులో పోటు అంటుంది. పిక్కలు గుంజుతున్నాయి, అరికాళ్లు మండుతున్నాయి, ఒళ్లంతా తీపులు, చెయ్యి తిమ్మిరెక్కింది అంటుంది. వీటన్నిటికీ ‘నొప్పి’ అని ఒకే గడిలో టిక్కు పెడితే ఆమె చెప్పినదాంట్లో సగం పోయినట్టే. ఆందోళన ఉందా అని అడిగితే లేదంటుంది. గుబులుగా ఉందా అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఈ తేడా తెలిసింది ఆమె పక్కన రాత్రిళ్లు గడిపిన నర్సుకే. ఆ తేడాను శాస్త్రంలోకి తీసుకురావడం ఆమె చేతిలో ఉంది.

సమ్మతి పత్రం కూడా అంతే. చదవలేని రోగికి ప్రతి వాక్యమూ చదివి వినిపించాలి. సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. అప్పుడే వేలిముద్ర వేయించుకోవాలి. వద్దంటే వదిలేయాలి, ఆ కారణంగా వైద్యంలో ఏ లోటూ రాకూడదు. పేదవాడి ‘వద్దు’ అన్న మాటకు ఇంత విలువ ఇవ్వడం నేర్పే చదువు ఇది.

బిరుదు కోసమా, పని కోసమా?

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ‘డాక్టర్’ అనే మాట మీద మన సమాజంలో మోజు ఎక్కువ. గుర్తింపు లేని సంస్థల నుంచి డబ్బు కట్టి గౌరవ డాక్టరేట్ తెచ్చుకుని కరపత్రాల మీద, బ్యానర్ల మీద వేసుకునేవారిని చూస్తూనే ఉన్నాం. ఆ జబ్బు మన సంఘాలనూ విడిచిపెట్టలేదు. చదువుల్లో కూడా థీసిస్ రాసిపెడతామనే దుకాణాలు ఉన్నాయి.

నర్సింగ్‌లో ఈ అబద్ధం ఇంకా ప్రమాదకరం. అడగని రోగిని అడిగినట్టు, కొలవని బీపీని కొలిచినట్టు రాస్తే ఆ అంకెను నమ్మి రేపు ఇంకొక వార్డులో ఇంకొక రోగికి సేవ చేస్తారు. అంకె అబద్ధమైతే ఆ సేవ హాని అవుతుంది. ఇతరుల రచన కాపీ కొట్టడంపై యూజీసీ 2018లో నియమాలు తెచ్చింది. పోలిక 10 శాతం దాటితే థీసిస్ సరిదిద్దుకోవాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. కానీ దొంగ అంకెలను ఏ సాఫ్ట్‌వేరూ పట్టలేదు. అక్కడ కాపలా మనస్సాక్షి ఒక్కటే. కోరుకున్న ఫలితం రాకపోతే, రాలేదని ఉన్నదున్నట్టు రాసే ధైర్యం కావాలి. థీసిస్‌ను గైడ్‌తోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. తర్వాత వైవా ఉంటుంది. వారి ముందు నిలబడి ‘నేను అనుకున్నది తప్పని తేలింది’ అని చెప్పగలిగిన నర్సు డాక్టరేట్‌కు పూర్తిగా అర్హురాలు.

అమెరికాలో నర్సులకు రెండు రకాల డాక్టరేట్లున్నాయి. పీహెచ్‌డీ కొత్త జ్ఞానం కోసం. డీఎన్‌పీ అనేది ఉన్న జ్ఞానాన్ని వార్డులో అమలుచేయడం కోసం. డీఎన్‌పీని 2001లో మొదలుపెట్టింది కెంటకీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు సోదరీమణులు ఏది ఎంచుకోవాలని తర్జనభర్జన పడుతుంటారు. నా ప్రశ్నకు జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదా, లేక జవాబు ఉండీ నా వార్డులో అమలు కావడం లేదా అని తమను తాము అడిగి చూసుకుంటే ఎంపిక తేలికవుతుంది.

ఎత్తిపట్టే చేతులు

మంచి సమరయుని కథ మనకు కంఠతా వచ్చు. దోపిడీకి గురై దారిలో పడిఉన్న వ్యక్తిని అతను చూసి జాలిపడి ఊరుకోలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మర్నాడు ఖర్చుకు డబ్బిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు మిగతాది తీరుస్తానన్నాడు. ఆ చివరి మాట మీద మనం అంతగా నిలబడం. అతని దయ కట్టు కట్టడంతో అయిపోలేదు. ఏమైందో మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. నేను చేసిన సేవ ఫలించిందా లేదా అని మళ్లీ వచ్చి చూసుకోవడమే పరిశోధన.

ఆ కథలో పూటకూళ్లవాడు కూడా ఉన్నాడు. అతను తన ఇంట్లో చోటివ్వకపోతే సమరయుని మంచితనం సగంలో ఆగేది. మన ఇళ్లు, మన సంఘాలు చదువుకునే నర్సుకు అలాంటి చోటివ్వగలవా? నైట్ డ్యూటీ చేసి వచ్చి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, నిద్ర మానుకుని పుస్తకం తెరిచే కోడలికి రోజుకు రెండు గంటలు తలుపు వేసుకుని కూర్చునే వీలు కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. భర్త వంటింట్లో అడుగుపెడితే, అత్తగారు పిల్లలను చూసుకుంటే అయిపోతుంది. సెమినరీకి వెళ్లే యువకుడికి ప్రార్థన చేసి, చందా పోగుచేసి పంపే సంఘం, డేటా సేకరణకు జిల్లాలన్నీ తిరగాల్సిన నర్సు సోదరికి బస్సు ఖర్చులకైనా తోడ్పడితే అది కూడా పరిచర్యే. రోమా పత్రిక చివర పౌలు, కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేకు ఏ అవసరం వచ్చినా సాయపడమని రోమా విశ్వాసులను కోరాడు. ఆమె అనేకులకు సాయం చేసిందని కూడా రాశాడు. పదిమందికి సేవ చేసేవారికి కూడా సాయం కావాలని ఆయనకు తెలుసు.

మిషన్ ఆసుపత్రుల యాజమాన్యాలకూ ఒక మనవి. నర్సుల సేవ మీద నిలబడిన సంస్థలు మీవి. మీ దగ్గర పనిచేసే ఎమ్మెస్సీ నర్సు ఆ అభ్యంతరం లేని పత్రం కోసం వచ్చినప్పుడు, ‘నువ్వు వెళ్తే డ్యూటీ ఎవరు చేస్తారు’ అన్న ప్రశ్న సహజం. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ఆమె కనుక్కునే జవాబు మీ వార్డుకే తిరిగి వస్తే ఎంతమంది బాగుపడతారు?

ఇక సోదరీ, దరఖాస్తు నింపుదామా వద్దా అని ఊగిసలాడుతున్న నీకు ఒక చిన్న పని. ఒక నోటు పుస్తకం కొనుక్కుని డ్యూటీకి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకో. రోగి పేరు రాయకుండా, వార్డులో నీకు తోచిన ప్రశ్నను మాత్రం ఆ రోజు తేదీ వేసి రాసుకో. ఆరు నెలల తర్వాత తీసి చదువుకో. ఒకే ప్రశ్న పదిసార్లు కనబడితే, అది నిన్ను వదిలిపెట్టని ప్రశ్న. అప్పుడు విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూడు. మంచి గైడ్ ఎవరో విచారించు. పేరు ముందు ‘డాక్టర్’ అని పడడానికి ఐదేళ్లు పడుతుందో, ఎనిమిదేళ్లు పడుతుందో ముందే చెప్పలేం. కానీ ఆ ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూస్తున్న రోగి మాత్రం ఈ రాత్రి కూడా ఏదో ఒక వార్డులో మంచం మీద ఉన్నాడు.